అమ్మానాన్నల గౌరవం, తక్కెడలో నిజాయితీ: యూదుల ధర్మశాస్త్రం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళ ఇళ్ళలో కేర్‌గివర్లుగా ఉంటున్న మనవాళ్ళు, అక్కడి కుటుంబాలను దగ్గరగా చూసి అడిగే ప్రశ్నలు కొన్ని. ఇక్కడ బైబిల్ చదువుతూ పది ఆజ్ఞల దగ్గర ఆగి అడిగేవి ఇంకొన్ని. తిరిగి తిరిగి అవే సందేహాలు వస్తున్నాయని అన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్ళి చదువుకోవచ్చు. ఇక్కడ రాసింది ఆర్థడాక్స్ యూద సంప్రదాయం పాటించే నియమం. ఎవరింటి చిక్కుకైనా అసలు తీర్పు కావాలంటే రబ్బీని, అంటే యూదుల మతగురువుని, అడగాల్సిందే.

## ముందుగా వచ్చే సందేహాలు

ఈ నియమాలు ఎక్కడ రాసి ఉన్నాయి? బైబిల్లోనేనా?

మూలం తోరా, అంటే బైబిల్లోని మొదటి ఐదు కాండాలు. అయితే తోరా చాలాచోట్ల ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటుంది. ఆ వాక్యాన్ని రోజువారీ బతుకులో ఎలా పాటించాలో సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నా, ఆ తర్వాత దాని మీద సాగిన సుదీర్ఘ చర్చ అయిన తాల్ముద్ చెబుతాయి. 12వ శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న మైమోనిడీస్ వాటిని వరసగా సర్దాడు. 16వ శతాబ్దంలో గలిలయలోని సఫెద్ ఊళ్ళో యోసెఫ్ కారో రాసిన షుల్హాన్ అరూఖ్ అనే ధర్మనియమాల పుస్తకం 1565లో వెనిస్‌లో అచ్చయింది. పోలండ్‌లోని క్రాకోవ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్ దానికి తమ ప్రాంతపు ఆచారాలు చేర్చాడు. ఇవాళ్టికీ ప్రశ్న అడిగితే రబ్బీలు తీసేది ఆ పుస్తకాన్నే.

అమ్మానాన్నల గౌరవానికీ వ్యాపారానికీ ఏమిటి సంబంధం?

లేవీయకాండము 19వ అధ్యాయం తెరవండి. 3వ వచనంలో తల్లికీ తండ్రికీ భయపడాలని ఉంటుంది. 13లో కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని, 14లో గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దని, 32లో తల నెరిసినవాళ్ళ ముందు లేచి నిలబడమని, 35, 36లో త్రాసు, రాళ్ళు, కొలపాత్రలు సరిగ్గా ఉండాలని ఉంటుంది. ఇంటికో ధర్మం, అంగడికో ధర్మం లేదన్నమాట. ‘ప్రేమించు’ అన్న మాట అందులో పొరుగువాడి గురించి, పరదేశి గురించి వస్తుంది. మిగతాదంతా చాలావరకు చేతులతో చెయ్యాల్సిన పనులే. నన్ను ఈ శాస్త్రం వైపు లాగింది ఇదే.

తెలుగునాట యూదులు ఉన్నారా?

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సముదాయం ఉంది. తెలుగు మాట్లాడేవాళ్ళు. తాము పాత ఇజ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రానికి చెందినవాళ్ళమని చెబుతారు, సినగాగ్ అనే ప్రార్థనామందిరం పెట్టుకున్నారు, వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ పాటిస్తారు. ఇజ్రాయెల్ మతాధికార వ్యవస్థ మాత్రం వాళ్ళని అధికారికంగా గుర్తించలేదు.

## అమ్మానాన్నలు ఓపికగా ఉన్న రోజుల్లో

గౌరవించడం అంటే సరిగ్గా ఏం చెయ్యాలి?

తాల్ముద్ రెండు జాబితాలు ఇస్తుంది. గౌరవం అంటే తినిపించడం, తాగించడం, బట్టలు తొడగడం, దుప్పటి కప్పడం, బయటికి తీసుకెళ్ళి ఇంటికి తీసుకురావడం. భయభక్తి అంటే తండ్రి కూర్చునే చోట కూర్చోకపోవడం, ఆయన నిలబడే చోట నిలబడకపోవడం, ఆయన మాటని కొట్టెయ్యకపోవడం, ఆయన వాదనకి తీర్పరిగా నిలబడకపోవడం. భోజనాల బల్ల దగ్గర నాన్న కుర్చీ నాన్నదే. పేరు పెట్టి పిలవకూడదు. వాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడాలి. తన తల్లి అడుగుల చప్పుడు వినబడితే తాల్ముద్ పండితుడు రబ్బీ యోసెఫ్ ‘వస్తున్న దైవసాన్నిధ్యం ముందు లేచి నిలబడతాను’ అని లేచేవాడట.

నాన్న మీద నాకు ప్రేమ లేదు. పనులన్నీ చేస్తున్నాను. అది చాలదా?

ఈ ఆజ్ఞకి ప్రేమ కొలమానం కాదు, చేసిన పని లెక్క. అందుకే మనసు కలవని ఇళ్ళలో కూడా దీన్ని పాటించవచ్చు. కానీ పని చేసే తీరు మాత్రం లెక్కలోకి వస్తుంది. ఒకడు తండ్రికి కొవ్విన పక్షిమాంసం వండిపెట్టాడు. ‘ఎక్కడిదిరా ఇది?’ అని తండ్రి అడిగితే ‘ముసలోడా, కుక్క నోరు మూసుకుని తిన్నట్టు నువ్వూ తిను’ అన్నాడు. ఇంకొకడు తిరగలి తిప్పి బతికేవాడు. తిరగలి పనివాళ్ళు రాజు దగ్గర వెట్టికి రావాలని కబురొచ్చింది. ‘నాన్నా, నా బదులు నువ్వు ఇక్కడ తిరగలి తిప్పు, నేను వెళ్తాను. అక్కడ అవమానమైనా దెబ్బలైనా నాకే పడనీ’ అన్నాడు. పక్షిమాంసం పెట్టినవాడికి నరకం, తిరగలి తిప్పించినవాడికి స్వర్గం అని జెరూసలేం తాల్ముద్ తేల్చింది.

నాన్న చెప్పింది తప్పని తెలిసినా నోరు మెదపకూడదా?

మెదపొచ్చు. ‘నువ్వు తప్పు’ అనకూడదు. ‘నాన్నా, తోరాలో ఇలా ఉంది కదా’ అని గుర్తు చేస్తున్నట్టు అనాలి. ఆయనంతట ఆయనే తప్పు తెలుసుకునేలా మాట అందించాలి.

నాన్న దొంగ లెక్కలు రాయమంటున్నారు. కాదంటే అవిధేయత అవుతుందా?

కాదు. తోరా నియమాన్ని దాటమని అమ్మానాన్నలు చెబితే వినకూడదు. ‘తల్లికీ తండ్రికీ భయపడాలి, నా విశ్రాంతి దినాలను ఆచరించాలి’ అని రెండూ ఒకే వచనంలో ఉన్నాయి. అమ్మానాన్నలు కూడా దేవుడి ఆజ్ఞకి లోబడినవాళ్ళే, కాబట్టి ఆయన మాట వాళ్ళ మాటకి పైది. పండితులు పెట్టిన చిన్న నియమం విషయంలోనూ ఇదే తీర్పు. కాదన్నా అరవకుండా కాదనాలి.

నేను ఇష్టపడిన అమ్మాయిని ఇంట్లో వద్దంటున్నారు. యూదుల ధర్మం ఏమంటుంది?

ఈ విషయంలో తండ్రి మాట వినక్కర్లేదని మోషే ఇస్సెర్లెస్ స్పష్టంగా రాశాడు. గౌరవం అంటే అమ్మానాన్నలకి సేవ చెయ్యడం. ఎవరితో కాపురం చెయ్యాలో తేల్చుకోవడం ఆ సేవ కిందికి రాదు. 16వ శతాబ్దపు ఐరోపాలో ఇంత తెగువగా రాశారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పెళ్ళయిన కూతురు ఏం చెయ్యాలి? అత్తమామల సంగతి?

గౌరవించే బాధ్యత కొడుక్కీ కూతురికీ సమానం. పెళ్ళయిన స్త్రీకి భర్త ఇంటి బాధ్యతలు ఉంటాయి కాబట్టి ఆయన అభ్యంతరం చెబితే చెయ్యలేని పనుల నుంచి మినహాయింపు ఉంది. అభ్యంతరం లేకపోతే కొడుకు ఎంతో ఆమే అంత. దావీదు మామ సౌలుని ‘నా తండ్రీ’ అని పిలిచాడు కాబట్టి అత్తమామలనూ గౌరవించాలి.

ఇంట్లో గొడవ రాకుండా చిన్న అబద్ధం చెబితే తప్పా?

బాబిలోనియా పండితుడు రవ్ ఇంట్లో జరిగింది ఇది. ఆయన పప్పు వండమంటే భార్య శనగలు వండేది, శనగలు అడిగితే పప్పు వండేది. కొడుకు హియ్యా పెద్దవాడయ్యాక నాన్న మాటని తిరగేసి అమ్మకి చెప్పడం మొదలుపెట్టాడు. పప్పు కావాలంటే శనగలన్నారని చెప్పేవాడు. రోజూ కోరింది కంచంలోకి వచ్చేసరికి ‘మీ అమ్మ మారింది’ అన్నాడు రవ్. కొడుకు నిజం చెప్పాడు. రవ్ ఆ తెలివికి మెచ్చుకున్నాడు, అయినా ‘నువ్వు మాత్రం అలా చెయ్యకు’ అని, నాలుకకి అబద్ధం అలవాటవుతుందన్న యిర్మీయా ప్రవక్త మాట గుర్తు చేశాడు.

మరోపక్క అదే తాల్ముద్, సమాధానం కోసం మాట కొంచెం మార్చవచ్చని చెబుతుంది. శారా ‘నా భర్త ముసలివాడు’ అని నవ్వితే, దేవుడు అబ్రాహాముతో ఆ ముక్క తీసేసి చెప్పాడు. కాబట్టి మనసు నొప్పించకుండా ఎప్పుడైనా ఓ మాట సర్దడం వేరు, రోజూ ఒకరిని నమ్మించి నడిపించడం వేరు. డబ్బు వ్యవహారాల్లో ఈ వెసులుబాటు ససేమిరా లేదు.

అమ్మ అందరి ముందూ అవమానిస్తుంది. ఎంతవరకు భరించాలి?

ఈ ప్రశ్నకి తాల్ముద్ చూపించే మనిషి యూదుడే కాదు. అష్కెలోను ఊరి దామా బెన్ నెతీనా. ఒకసారి పెద్దమనుషుల మధ్య జరీ పట్టుబట్టలు కట్టుకుని కూర్చుని ఉంటే తల్లి వచ్చి బట్టలు చింపింది, తలమీద కొట్టింది, మొహాన ఉమ్మింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఇంకోసారి ప్రధాన యాజకుడి వస్త్రానికి కావలసిన రాళ్ళ కోసం పండితులు ఆయన దగ్గరికి వచ్చారు. లాభం ఆరు లక్షల దీనార్లు. పెట్టె తాళంచెవి నిద్రపోతున్న తండ్రి తలకింద ఉంది. ఆయన లేపలేదు, బేరం పోయింది.

దీన్ని చదివి బెంబేలు పడక్కర్లేదు. నిద్రలేపనందుకు లక్షలు పోయాయని తెలిస్తే ఎక్కువ బాధపడే తండ్రినైతే లేపాలని తర్వాతి పండితులు రాశారు. పిల్లల మెడమీద కాడి మోపినట్టు అన్నిటికీ పట్టుబట్టకూడదని అమ్మానాన్నలకీ నియమం ఉంది. ఎదిగిన కొడుకుని కొట్టకూడదు. అతను తిరగబడితే ఆ పాపానికి దారి చూపినవాడు తండ్రే అవుతాడు.

## పెద్దవయసులో, ఆ తర్వాత

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

తండ్రి డబ్బుతోనే. కొడుకు ఇవ్వాల్సింది తన సమయం, శ్రమ. తన పని మానుకుని అయినా సరే. తండ్రి దగ్గర డబ్బు లేకపోయి, కొడుక్కి స్తోమత ఉంటే మాత్రం పోషించి తీరాలి, మతన్యాయస్థానం బలవంతంగానైనా ఇప్పిస్తుంది. పేదలకి దానం చెయ్యడానికి పక్కన పెట్టిన డబ్బులోంచి, వేరే స్తోమత ఉండి కూడా, నాన్నకి తిండి పెట్టేవాడికి శాపం తగులుతుందన్నారు.

అన్నదమ్ములు ఎక్కువమంది ఉంటే తలా ఇంత అని సమానంగా పంచరు. ఎవరి సంపాదన బట్టి వాళ్ళు. కొందరు ఉన్నవాళ్ళు, కొందరు లేనివాళ్ళు అయితే భారం ఉన్నవాళ్ళదే.

అమ్మకి మతి స్థిమితం లేదు. కేర్‌గివర్‌కి అప్పగించి వెళ్ళడం తప్పా?

తాల్ముద్ పండితుడు రబ్బీ అస్సీ తల్లి వయసు మీదపడ్డాక నగలు కావాలంది, చేయించాడు. పెళ్ళికొడుకు కావాలంది, చూస్తానన్నాడు. నీలాంటి అందగాడే కావాలంది. ఆయన ఇల్లు, ఊరు వదిలి ఇజ్రాయెల్ దేశానికి వెళ్ళిపోయాడు. దీన్నిబట్టే మైమోనిడీస్ తీర్పు ఇచ్చాడని వ్యాఖ్యాతలు అంటారు. చేతనైనంతవరకు వాళ్ళ మనసుకి తగ్గట్టు మసలుకోవాలి. భరించలేని స్థితి వస్తే, తగినట్టు చూసుకునేలా వేరేవాళ్ళని పెట్టి వెళ్ళవచ్చు. అదే కాలపు ఫ్రాన్స్ పండితుడు రాబాద్ ఒప్పుకోలేదు. ‘ఇతనే వదిలేసిపోతే ఇంకెవరికి అప్పగిస్తాడు?’ అని పక్కనే రాశాడు.

రెండు మాటల్లోనూ సత్యం ఉంది. మైమోనిడీస్ చెప్పింది మనిషిని పెట్టి వెళ్ళమని, వదిలించుకుపొమ్మని కాదు. ఇజ్రాయెల్ ఇళ్ళలో ఉంటున్న తెలుగు కేర్‌గివర్ నిలబడి ఉన్నది సరిగ్గా ఈ చోట. ఆ తల్లికి అన్నం తినిపించి, దుప్పటి కప్పి, చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న ఆమె, కొడుకు చెయ్యాల్సిన ఆజ్ఞని చేస్తోంది. ఆ కొడుకు ఆమెని మర్యాదగా చూసుకోవడం, జీతం వేళకి ఇవ్వడం కూడా తల్లిని గౌరవించడంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

నాన్న మమ్మల్ని హింసించాడు. అయినా గౌరవించాలా?

ఇందులో ఒకే తీర్పు లేదు. దుర్మార్గుడైనా గౌరవించాలని యోసెఫ్ కారో, పశ్చాత్తాపపడేదాకా అక్కర్లేదన్నవాళ్ళున్నారని ఇస్సెర్లెస్ రాశారు. దూరంగా ఉండి ప్రాణం, మనసు కాపాడుకోవడానికి మాత్రం దారి ఉంది. ఇలాంటిది ఒంటరిగా తేల్చుకోవద్దు.

చనిపోయిన తర్వాత బాధ్యత ఉంటుందా?

ఉంటుంది. భార్య, పిల్లలు, తోబుట్టువులు పోతే సంతాపం 30 రోజులు. అమ్మానాన్నలకైతే 12 నెలలు. సంతాపానికి గుర్తుగా వేరేవాళ్ళకి బట్ట కుడివైపు చింపుకుంటారు, అమ్మానాన్నలకి ఎడమవైపు, గుండె కనబడేదాకా. ఆ చిరుగుని ఎప్పటికీ పూర్తిగా కలిపి కుట్టరు. పోయినవాళ్ళ కోసం చదివే కద్దిష్ ప్రార్థన 11 నెలలే చదువుతారు. చనిపోయాక దుష్టులకి శిక్ష 12 నెలలని నమ్మకం. పన్నెండో నెలలోనూ చదివితే మా నాన్న దుష్టుడని మనమే చాటినట్టవుతుంది కదా.

## అంగట్లో

తూకం విషయంలో అంత పట్టింపు ఏమిటి?

చనిపోయాక పై న్యాయస్థానంలో మనిషిని అడిగే మొదటి ప్రశ్న ‘ఇచ్చిపుచ్చుకోవడాల్లో నమ్మకంగా ఉన్నావా?’ అని తాల్ముద్‌లో రవా అనే పండితుడు అంటాడు. తోరా చదివావా అన్నది దాని తర్వాతే.

ఇక మిష్నా నేరుగా కొట్టులోకి వచ్చి కూర్చుంటుంది. చిల్లర కొట్టువాడు కొలపాత్రలు వారానికి రెండుసార్లు కడగాలి, తూకపు రాళ్ళు వారానికోసారి తుడవాలి, త్రాసు పళ్ళేలు తూచిన ప్రతిసారీ తుడవాలి. నూనె, తేనె కొలిచిన పాత్రకి అంటుకున్న జిగురు తర్వాత వచ్చినవాడి సరుకులో కోత వేస్తుంది. తూకపు రాళ్ళు సీసంతో, తగరంతో చెయ్యకూడదు, అవి అరుగుతాయి. రాయితోనో గాజుతోనో చెయ్యాలి. ఎత్తునుంచి పోసి నురగ తెప్పించి కొలవకూడదు. తప్పుడు కొలపాత్ర ఇంట్లో ఉండనే కూడదు, మూత్రం పోసుకోవడానికి వాడుకుంటున్నా సరే.

ఎంత లాభం వేసుకోవచ్చు?

కొలత మార్కెట్ ధర. దానికి ఆరోవంతు ఎక్కువైతే అన్యాయం మొదలవుతుంది. బజారులో 600 రూపాయలున్న వస్తువు 700కి అమ్మితే బేరం నిలుస్తుంది, ఎక్కువ తీసుకున్న 100 వాపసు ఇవ్వాలి. 700 దాటితే కొన్నవాడు బేరమే రద్దు చేసుకోవచ్చు. తెలిసినవాళ్ళకి చూపించి ధర కనుక్కునేంత గడువు అతనికి ఉంటుంది. ‘ఇంతకి కొన్నాను, ఇంత లాభం తీసుకుంటున్నాను’ అని నిజం చెప్పి అమ్మితే ఈ ఫిర్యాదుకి చోటు లేదు. భూములకి ఈ ఆరోవంతు లెక్క వర్తించదు.

కొనే ఉద్దేశం లేకుండా షాపులో ధర అడగడం తప్పా?

తప్పే. మిష్నా దీన్ని మాటలతో చేసే మోసం అంటుంది. అమ్మేవాడికి ఆశ పెట్టి, వస్తువులన్నీ దింపించి వెళ్ళిపోవడం. నాలుగు షాపులు తిరిగి ఎక్కడో ఒకచోట కొనాలనుకుంటే ఫర్వాలేదు. ఆన్‌లైన్‌లో కొనాలని ముందే నిశ్చయించుకుని, సైజు చూసుకోవడానికి చెప్పుల షాపువాడి చేత పది జతలు తీయించడం మాత్రం ఇందులోకే వస్తుంది. డబ్బు మోసం తిరిగి కట్టొచ్చు, మాటతో చేసింది కట్టలేమని పండితులు దీన్ని ఇంకా పెద్ద తప్పుగా చూశారు.

పాత సామానుకి రంగేసి అమ్మితే?

కొత్తదని నమ్మించడానికైతే కూడదు. ముసలి పశువుని పడుచుదిలా కనబడేలా చెయ్యడం, బుట్టలో మంచి పండ్లు పైన పేర్చడం, పాతవాటిని కొత్తవాటిలో కలపడం అన్నీ ఇంతే. డబ్బు నష్టం లేకపోయినా మనసుని దొంగిలించడం, అంటే లేనిది ఉన్నట్టు నమ్మించడం, నిషేధం. రాడని తెలిసీ భోజనానికి రమ్మని బలవంతపెట్టడం, ఎలాగూ తెరవాల్సిన ద్రాక్షరసం పీపాని ‘నీకోసమే తెరుస్తున్నా’ అనడం ఈ కోవలోవే. పరీక్షల్లో కాపీ కొట్టడం కూడా ఇందులో పడుతుందని 20వ శతాబ్దంలో న్యూయార్క్ రబ్బీ మోషే ఫైన్‌స్టీన్ తీర్పు రాశాడు.

ఈ నిజాయితీ యూదుల మధ్యేనా, అందరితోనా?

దొంగతనం, తప్పుడు తూకం, మోసపుచ్చడం ఎవరితోనైనా నిషేధమే. ఎవరి మనసునీ మోసంతో దొంగిలించకూడదు, యూదేతరుడిదైనా సరే అని తాల్ముద్ పండితుడు ష్ముయేల్ చెప్పాడు. పాత చట్టంలో తేడాలు లేవని మాత్రం చెప్పను. యూదేతరుడు తనంతట తాను లెక్క తప్పితే ఆ డబ్బు తిరిగి ఇవ్వాలా అన్న దగ్గర తేడా ఉంది. దాని మీద 17వ శతాబ్దపు విల్నా పండితుడు మోషే రివ్కెస్ రాసింది నాకు చాలా ఇష్టం: అలా వచ్చిన డబ్బుతో బాగుపడ్డవాళ్ళ ఆస్తి నిలవడం నేను చూడలేదు, తిరిగి ఇచ్చినవాళ్ళు బాగుపడి పిల్లలకి మిగల్చడం చూశాను అని రాబోయే తరాల కోసం రాసిపెట్టాడు.

## పని, కూలి, అప్పు

జీతం ఆలస్యం చేస్తే మతపరంగా కూడా తప్పేనా?

ఘోరమైన తప్పు. పగలు పనిచేసినవాడికి ఆ రాత్రి గడవకముందే, రాత్రి పనిచేసినవాడికి మర్నాటి పగలు గడవకముందే ఇవ్వాలి. నెలజీతమైతే నెల ముగిసినప్పటి నుంచి ఇదే లెక్క. డబ్బు ఉండి, పనివాడు అడిగినా ఇవ్వకపోతే పాపం అంటుకుంటుంది. ద్వితీయోపదేశకాండము 24లో ఈ ఆజ్ఞ ‘నీ గ్రామాల్లో ఉన్న పరదేశి’ పేరు చెప్పి మరీ ఉంది. అక్కడ పనిచేసే మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇజ్రాయెల్ 1958లో చేసిన వేతన రక్షణ చట్టం కూడా విదేశీ కార్మికులకి వర్తిస్తుంది.

పనివాడికి నియమాలు లేవా?

ఉన్నాయి. అబ్బా హిల్కియా వర్షం కోసం ప్రార్థిస్తే వాన పడేదని పేరున్న మనిషి. ఆయన పొలంలో తవ్వుతుంటే పండితులు వచ్చి నమస్కారం చెప్పారు. తలెత్తలేదు. తర్వాత కారణం అడిగితే ‘రోజు కూలికి కుదిరాను, ఆ సమయం నాది కాదు’ అన్నాడు. కూలివాళ్ళు భోజనం తర్వాత చదివే ప్రార్థనని కూడా కుదించారు, యజమాని పొద్దు తినకూడదని.

యూదులు వడ్డీ తీసుకోకూడదంటారు, మరి ఇజ్రాయెల్ బ్యాంకులు?

యూదుడు యూదుడి దగ్గర వడ్డీ తీసుకోవడం, ఇవ్వడం రెండూ తోరాలో నిషేధం. మిగతావాళ్ళ దగ్గర తీసుకోవచ్చని తోరాలోనే ఉంది. అప్పిచ్చినవాడికి, ముందు అలవాటు లేని నమస్కారం కొత్తగా పెట్టడం కూడా వడ్డీ కిందికే వస్తుందన్నారు. బ్యాంకులు ‘హెతెర్ ఇస్కా’ అనే ఒప్పందంతో నడుస్తాయి. దాని ప్రకారం ఇచ్చిన డబ్బు అప్పు కాదు, వ్యాపారంలో పెట్టుబడి. వచ్చేది లాభంలో వాటా.

## తప్పు జరిగిపోయాక

ఉపవాసం ఉండి ప్రార్థిస్తే మోసం చేసిన పాపం పోతుందా?

పోదు. దేవుడికి చేసిన తప్పుకే యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం పనికొస్తుంది. మనిషికి చేసినదైతే ముందు అతనికి ఇవ్వాల్సింది ఇచ్చి, అడగాల్సిన క్షమాపణ అడగాలి.

అమ్మతో గొడవపడ్డాను, సర్దుకోకముందే పోయింది. ఇప్పుడేం చెయ్యాలి?

తప్పు చేసినవాడు పదిమందిని తీసుకుని సమాధి దగ్గరికి వెళ్ళి, వాళ్ళ ముందు ‘దేవుడికీ ఈ మనిషికీ తప్పు చేశాను’ అని పలకాలి. అమ్మకైనా ఇదే పద్ధతి. ఆమె పేరున కద్దిష్, దానం చెయ్యడమూ సేవే. చావుతో గౌరవించే అవకాశం పోదన్నది ఇక్కడి నమ్మకం.

ఏళ్ళ తరబడి తూకంలో కొట్టేశాను. ఎవరెవరిదో గుర్తులేదు. ఎవరికి ఇవ్వాలి?

తాల్ముద్ సమాధానం: ఊరందరికీ పనికొచ్చే పని చెయ్యాలి, బావులు, నీళ్ళ గుంటలు తవ్వించాలి. నష్టపోయినవాళ్ళు కూడా ఎప్పుడో ఆ నీళ్ళు వాడుకుంటారు కదా అని. అయితే ఇది పేర్లు తెలియనప్పుడే. గుర్తున్నవాళ్ళు ఒక్కరున్నా ముందు వాళ్ళ బాకీ చేతికివ్వాలి. వాళ్ళు పోయి ఉంటే వారసులకి ఇవ్వాలి. బావి ఆ తర్వాతే.